పన్నెండు మంది, నాలుగు సీసాలు, ఒక షేకరు

ప్రశ్న: మాది లాసన్స్ బే కాలనీ. మా వారికి ప్రమోషన్ వచ్చిందని వచ్చే నెల రెండో శనివారం రాత్రి ఇంట్లో పార్టీ అనుకున్నాం. పన్నెండు మంది వస్తారు. తొమ్మిది మందికి అలవాటుంది, ముగ్గురు ముట్టరు. ఆ ముగ్గురిలో ఒకావిడకి ఆరో నెల. ఎప్పుడూ ఉండే విస్కీ-సోడా, రమ్ము-థమ్సప్ కాకుండా ఈసారి నేనే కాక్‌టెయిల్స్ కలుపుదామని ఆన్‌లైన్‌లో 14 ముక్కల బార్ సెట్టు తెప్పించాను. తీరా వీడియోలు చూస్తే ఒక్కోదానికి మూడేసి లిక్యూర్లు (తీపీ, వాసనా కలిపిన మద్యాలు) కావాలంటున్నారు. వాటి పేర్లే నోరు తిరగట్లేదు. మా దగ్గరున్నవి ఒక ఓల్డ్ మాంక్, ఒక జిన్ను, ఒక వోడ్కా, ఒక విస్కీ. ఇవి చాలవా? అందరికీ కలుపుతూ వంటింట్లోనే ఉండిపోతానేమోనని ఇంకో భయం. ఇంట్లో అత్తగారు కూడా ఉంటారు. ఏం చెయ్యమంటారు?
– ఎస్., విశాఖపట్నం

సమాధానం:

అమ్మా, కాక్‌టెయిల్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ శనివారం మార్చండి. బీచ్ రోడ్డులో ఒక హోటల్ బార్ కౌంటరు వెనకాల ఇరవై రెండేళ్లు నిలబడ్డవాణ్ణి. శనివారం రాత్రి మన ఊళ్లో ఏం జరుగుతుందో నాకు కంఠతా వచ్చు. మీరు తొమ్మిది గ్లాసులు ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరుస్తారు. వచ్చినవాళ్లలో ఇద్దరు చెప్పులు విప్పుతూనే "ఏమీ అనుకోకండి, నాకు శనివారం" అంటారు. వాళ్లని చూసి మూడో ఆయనకి ఏడుకొండలవాడు గుర్తొస్తాడు. మిగిలిన ఆరుగురూ మొహమాటంతో సగం సగం తాగి లేస్తారు. శుక్రవారం పెడదామంటే మీ అత్తగారికి పనికిరాదు. ఆదివారం సాయంత్రం ఆరింటికి పెట్టుకోండి. మర్నాడు ఆఫీసుంటుంది కాబట్టి పదింటికల్లా ఎవరికి వాళ్లే లేస్తారు, శ్రుతి మించదు. శ్రావణం రాకముందే కానిచ్చేస్తే ఇంకా మంచిది. ఆ తర్వాత వరసగా వ్రతాలే.

ఇక సీసాలు. మీ దగ్గరున్న నాలుగూ చాలు, ఓల్డ్ మాంక్ మాత్రం ఇంకోటి తెప్పించండి. నోరు తిరగని పేర్లున్నవాటి జోలికి పోకండి. వాటిలో ఒక్కోటి రెండు మూడు వేలు పెట్టి కొంటే ఆ రాత్రి అరవై మిల్లీలీటర్లు ఖర్చవుతుంది, మిగిలింది మీ అమ్మాయి పెళ్లిదాకా అలమరలో ఉంటుంది. అసలు కాక్‌టెయిల్ అంటే ఏమిటో 1806లోనే న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పత్రిక తన పాఠకుడికి జవాబుగా అచ్చేసింది: మద్యం, చక్కెర, నీళ్లు, చేదు. నాలుగే నాలుగు. ఆ నీళ్ల స్థానంలోనే ఇవాళ ఐసు వచ్చింది, చేదు స్థానంలో చాలాసార్లు నిమ్మరసం వచ్చింది. మీరు రోజూ చారు కాచి అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాకి చూస్తారు కదా, పులుపెక్కిందా, బెల్లం చాలదా అని? పని అదే. నాలుక కూడా అదే. వీడియోవాళ్లు ఈ మాట చెప్పరు, చెబితే సీసాలు అమ్ముడుపోవు.

మీకు నిజంగా కొరత వచ్చేది ఐసుతోనూ నిమ్మకాయలతోనూ. పన్నెండు మందికి పది కిలోల ఐసు కావాలి. ఎక్కువనిపిస్తోందా? షేకరులో కొట్టడానికి సగం పోతుంది, గ్లాసుల్లోకి సగం, మన ఊరి ఉక్కకి కరిగేది అదనం. ఫ్రీజర్ ట్రేలు రెండుంటే గంటకి ఆరుగురికి కూడా చాలవు. ప్యాకెట్లలో అమ్మే తాగేనీటి ఐసు తెచ్చి థర్మాకోల్ పెట్టెలో పెట్టుకోండి. చేపల రేవులో చవగ్గా దొరికే దిమ్మ మాత్రం తేకండి. అది చేపల మీద వెయ్యడానికి చేసింది, గ్లాసులోకి కాదు. సీసాలకి చుట్టూ పేర్చుకోవడానికైతే వాడుకోవచ్చు.

ఈ ఐసు విషయంలో నా పరువు పోయిన కథ ఒకటుంది. బార్‌లో చేరిన రెండో ఏడు, అక్కయ్యపాలెంలో మా అద్దింట్లో స్నేహితుల్ని పిలిచి గొప్పగా డైకిరీ (రమ్ము, నిమ్మరసం, పాకం కలిపే కాక్‌టెయిల్) పోశాను. రోజూ వందమందికి కలిపే చెయ్యి, కొలత తప్పలేదు, పంచదార పాకం పట్టుకు పట్టు ఉంది. మొదటి గుక్క తాగిన పోర్టు స్నేహితుడు గ్లాసుని వెలుతురుకేసి పట్టి, "గురూ, ఇందులో వంజరం ఏమైనా పడిందా?" అన్నాడు. ఫ్రీజర్‌లో మా ఆవిడ పొద్దున్నే శుభ్రం చేసి పెట్టిన ముక్కలు మూత లేకుండా ఉన్నాయి, పక్కనే ఐసు ట్రేలు. ఐసు వాసనలు పీల్చుకుంటుంది. విశాఖపట్నంలో ఫ్రీజర్‌లో చేప లేని ఇల్లు ఎక్కడుంది చెప్పండి? ముందు రెండ్రోజులు దాన్ని ఖాళీ చేసి, కడిగి, కాచి చల్లార్చిన నీళ్లతో ట్రేలు నింపి, పైన మూత గానీ ప్లాస్టిక్ కవరు గానీ వేసి పెట్టండి.

నిమ్మకాయలు నలభై. మన నిమ్మకాయ ఒకటి పిండితే పదిహేను మిల్లీలీటర్లు వస్తే గొప్ప. మీరు చూసే వీడియోల్లో 'లెమన్' అంటే పసుపుగా, పెద్దగా, తొక్క మందంగా ఉండేది. 'లైమ్' అంటే దాదాపు మన కాగితం నిమ్మ. మనది దానికంటే కాస్త చురుకైన పులుపు, అందుకని వాళ్లు ముప్ఫై అన్నచోట మీరు పాతికతో మొదలెట్టండి. పార్టీ రోజు మధ్యాహ్నం మూడు దాటాక పిండుకోండి. ముందు రోజు పిండిన రసం తెల్లారేసరికి చేదెక్కుతుంది. సీసాల్లో అమ్మే రసం గురించి నేను మాట్లాడను.

మీ 14 ముక్కల సెట్టులో మూడు బయట పెట్టి మిగతావి డబ్బాలో సర్దేయండి. షేకరు, జల్లెడ, కొలత కప్పు. కొలత కప్పుకి లోపల 15, 30, 45 అని గీతలుంటే సరే, లేకపోతే పిల్లల దగ్గు మందు సీసా మీది మూత కడిగి వాడుకోండి. దాని కొలత ఎప్పుడూ అబద్ధమాడదు. కంటి అంచనాతో మాత్రం పొయ్యకండి. బార్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్లందరూ మొదటి వారం ఆర్భాటంగా పైనుంచి ధారగా పోస్తారు, ఆ వారం కస్టమర్లు రెండో గ్లాసు అడగరు.

ఇప్పుడు మీరు చేతితో కలపాల్సింది ఒక్కటే, డైకిరీ. క్యూబాలో శాంటియాగో పక్కన డైకిరీ అనే ఊళ్లో ఇనుప గనుల్లో పనిచేసిన అమెరికన్ ఇంజనీరు ఒకాయన పంతొమ్మిదో శతాబ్దం చివర్లో దీన్ని కలిపాడని చెబుతారు. అక్కడి పొలాల్లో ఉన్నది చెరకు, పెరట్లో ఉన్నది నిమ్మ, అంతే. మనకి చెరకు కావాలంటే దగ్గర్లోనే అనకాపల్లి ఉంది. అసలు డైకిరీ తెల్ల రమ్ముతో, పంచదార పాకంతో చేస్తారు. మీరు ఓల్డ్ మాంక్‌తో, అనకాపల్లి బెల్లంతో చెయ్యండి. ఆ రమ్ములో ఉన్న వెనీలా, మాడిన చక్కెర వాసనకి పంచదార చప్పగా ఉంటుంది, బెల్లం అయితే అక్కా చెల్లెళ్లలా కలిసిపోతాయి.

పావుకిలోకి కొంచెం తక్కువగా, అంటే 200 గ్రాముల బెల్లం చితక్కొట్టి 200 మి.లీ. నీళ్లలో వేసి సన్నసెగ మీద కరిగించండి. పాకం రానివ్వకండి, కరిగితే చాలు. పలచటి గుడ్డలో వడగడితే అడుగున ఇసక, చెరకు పీచు ఎంత దిగుతుందో చూసి మీరే ఆశ్చర్యపోతారు. చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు నిలవుంటుంది. ఒక గ్లాసుకి లెక్క: రమ్ము 50, నిమ్మరసం 25, బెల్లం పాకం 20. తొమ్మిది మందికి తొమ్మిదిసార్లు కొలవక్కర్లేదు. సాయంత్రం అయిదింటికి రమ్ము 450, రసం 225, పాకం 180 ఒక గాజు సీసాలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టేయండి. అతిథులు కూర్చున్నాక షేకరు నిండా ఐసు వేసి, ఆ సీసాలోంచి 190 మి.లీ. పోస్తే ఇద్దరికి సరిపోతుంది.

కొట్టడం ఎలాగంటే, మూత బిగించి, రెండు చేతులా పట్టుకుని, భుజం మీదుగా బలంగా. వరలక్ష్మీ వ్రతంలో గంట ఊపినట్టు ఊపితే లాభం లేదు. మొదట్లో ఐసు ముక్కలు గోడలకి కొట్టుకుని టకటకమంటాయి. పది లెక్కపెట్టేసరికి ఆ చప్పుడు సన్నబడి గరగరమంటుంది, స్టీలు మీద మంచు పట్టి వేళ్లు అతుక్కుంటున్నట్టు అనిపిస్తుంది. పదిహేను దగ్గర ఆపండి. ఈ పదిహేను లెక్కల్లో ఐసు కరిగి పావు వంతు నీళ్లు చేరాయి. ఆ నీళ్లు చేరకపోతే ఇది మందులా ఉంటుంది, చేరితే పానీయం. వడగట్టి చిన్న గ్లాసుల్లో, ఐసు లేకుండా పొయ్యండి. పైన తేలే సన్నటి నురగ నిమిషంలో పోతుంది, అందుకని పోసి ఫొటో తీస్తూ కూర్చోకండి. తొమ్మిది మందికి అయిదుసార్లు కొడితే ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాలూ హాల్లో వాళ్ల ముందే నిలబడి కొట్టండి. భోజనాలయ్యేదాకా మీ ప్రదర్శన అంతే, షేకరు కడిగి పెట్టేయండి. సోడా ఉన్నదేదీ షేకరులో పోసి కొట్టకండి, మూత లేచి సీలింగుకి తగులుతుంది. మా బావమరిది గృహప్రవేశంలో కొత్త సున్నం మీద ఆ మరక నా గుర్తుగా చాలాకాలం ఉంది.

ఆ తర్వాత రాత్రంతా నడిపించేది జగ్గు. జగ్గులో పంచ్. పంచ్ అంటే మన 'పంచ' అనే మాటేనని, అయిదు వస్తువులు కాబట్టి ఆ పేరొచ్చిందని చాలామంది చెబుతారు: మద్యం, పులుపు, తీపి, నీళ్లు, మసాలా. పేరు ఎలా పుట్టినా దాని మొదటి జాడల్లో ఒకటి మన తీరంలోనే ఉంది. 1632లో ఈస్టిండియా కంపెనీ మనిషి ఒకడు అదే కంపెనీ వర్తకుడికి, అంతా కలిసి ఉండండి, పంచ్ తాగండి అన్న అర్థంలో ఉత్తరం రాశాడు. ఇంగ్లీషులో ఆ మాటకి దొరికిన పాత దాఖలాల్లో అదొకటి. ఆ ఉత్తరం చేరింది పెటపోలికి. అంటే పెద్దపల్లి, ఇప్పటి బాపట్ల జిల్లా నిజాంపట్నం. కాబట్టి మీరు పెద్ద విదేశీ పని ఏదో చేస్తున్నానని బెదరక్కర్లేదు. ఇక్కడ మొదలైందే, ఊరంతా తిరిగి మళ్లీ మీ ఇంటికొచ్చింది.

కరిబియన్ దీవుల్లో దీనికి ఒక లెక్క ఉంది: పులుపు ఒకటి, తీపి రెండు, ఘాటు మూడు, పలచన నాలుగు. అందులో తీపి మన నోటికి ఎక్కువ, ఒకటికి తగ్గించండి. ముందు రోజు రాత్రే మొదలెట్టాలి. దబ్బకాయ దొరికితే ఒకటి, లేకపోతే పచ్చి ఛాయ తగ్గిన నిమ్మకాయలు ఆరు తీసుకుని పైతొక్క మాత్రం పలచగా చెక్కండి, తెల్లభాగం రాకూడదు. 200 గ్రాముల పంచదారలో ఆ తొక్కలు వేసి చేత్తో నలపండి, అచ్చం ఆవకాయ కలిపినట్టు. మూత పెట్టి పడుకోండి. తెల్లారి చూస్తే పంచదార తడిసి, తొక్కలో నూనె అంతా అందులోకి దిగి, డబ్బా మూత తియ్యగానే పెరట్లో దబ్బచెట్టు కింద నిలబడ్డట్టుంటుంది. ఈ వాసన ఏ సీసాలోనూ కొనుక్కోలేం. దీని కోసమే అవతలివాళ్లు రెండు వేల లిక్యూరు కొంటున్నారు.

దాని మీద 700 మి.లీ. వేడి టీ డికాషన్ పోసి పంచదార కరిగేదాకా కలపండి. ఆకు నాలుగు నిమిషాలకి మించి నానకూడదు, వగరెక్కుతుంది. తొక్కలు వడగట్టేసి చల్లార్చండి. పార్టీ రోజు సాయంత్రం అందులో నిమ్మరసం 200, అనాస రసం 300, ఓల్డ్ మాంక్ 600 కలపండి. వానలు పడ్డాక సింహాచలం కొండ అనాసలు వస్తాయి కదా, అవే తీసుకోండి. కాయ చిన్నదైనా వాసన వీధి మలుపుదాకా వస్తుంది. మిక్సీలో తిప్పి వడగడితే ఒక కాయకి ఆ మాత్రం రసం దిగుతుంది. డబ్బా రసం అయితే పంచదార 150కి తగ్గించుకోండి. మొత్తం రెండు లీటర్లకి కాస్త తక్కువ, పదిహేను గ్లాసులు. ఒక్కో గ్లాసులో రమ్ము నలభై మిల్లీలీటర్లు, ఘాటు ఇంచుమించు వైన్ అంత. తియ్యగా, చల్లగా గొంతులోంచి జారిపోతుంది కాబట్టి ఎవరికీ తెలీదు, అందుకే గ్లాసు చిన్నది పెట్టమంటున్నాను.

ఐసు చిన్న ముక్కలు జగ్గులో వేస్తే అరగంటలో నీళ్లపంచ్ అవుతుంది. ఐస్‌క్రీం డబ్బాలో నీళ్లు పోసి ఒకే దిమ్మగా గడ్డకట్టించండి. పెద్ద దిమ్మ నెమ్మదిగా కరుగుతుంది, పదిదాకా ఉంటుంది. మూతి పెద్దదైన జగ్గు లేకపోతే వెడల్పాటి గాజు గిన్నె, గరిటె. పైన జాజికాయ అరగదీసి చల్లండి, చిటికెడు. ఎవరికి కావల్సింది వాళ్లే పోసుకుంటారు, మీరు వెళ్లి సోఫాలో కూర్చోండి. ఇంట్లో పార్టీకి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. నెగ్రోనీలూ మార్టినీలూ గొప్పవే, కానీ అవి ఇద్దరు మనుషులుండే రాత్రికి.

జిన్నుని అంత కష్టపెట్టక్కర్లేదు. పొడుగు గ్లాసు నిండా ఐసు, జిన్ను 45, టానిక్ వాటర్ 150, ఒక నిమ్మచెక్క. కరివేపాకు రెబ్బ ఒకటి అరచేతుల మధ్య పెట్టి చప్పట్లా ఒక్క దెబ్బ కొట్టి గ్లాసులో గుచ్చండి. జిన్నులో ఉన్న జూనిపర్ కాయల వాసనకీ కరివేపాకుకీ భలే స్నేహం. టానిక్‌లో చేదు క్వినైన్‌ది. మలేరియాకి దొరలు తాగిన మందది, చేదు మింగలేక చక్కెర, సోడా, జిన్ను కలుపుకున్నారు. మలేరియా క్రిమిని దోమ కడుపులో 1897లో రొనాల్డ్ రాస్ కనిపెట్టింది సికింద్రాబాదులోనే. ఇప్పటి టానిక్‌లో క్వినైన్ రుచికి మాత్రమే ఉంటుంది, జ్వరానికి పనికొచ్చేంత ఉండదు. అయినా ఆరో నెల ఆవిడకి ఉత్త టానిక్ కూడా ఇవ్వకండి.

విస్కీ విషయంలో మీకో రహస్యం. మీ అతిథుల్లో ఒకాయన ఉంటారు, వయసులో పెద్ద, ఏది ఇచ్చినా వాసన చూసి "నాకు విస్కీలో కాసిని నీళ్లు పొయ్యమ్మా" అంటారు. ఆయన్ని మార్చే ప్రయత్నం చెయ్యకండి. నేను ఇరవై రెండేళ్లలో ఒక్కణ్ణి మార్చలేదు. విస్కీతో చేసే ఓల్డ్ ఫ్యాషన్డ్ గురించి మీరు చూసే ఉంటారు. మన మామూలు బ్లెండెడ్ విస్కీల్లో ఎక్కువ భాగం మొలాసిస్, అంటే చెరకు మడ్డితో చేసిన స్పిరిట్, కొంచెం మాల్ట్ విస్కీ. వాటిని ఒంటరిగా నిలబెట్టే కాక్‌టెయిల్ అంత బాగోదు, పులుపు తోడుండాలి. కావాలంటే మీ ఇద్దరికి ముందు రోజు విస్కీ సోర్ చేసుకుని చూడండి: విస్కీ 45, నిమ్మ 25, పంచదార పాకం 20. నురగ కోసం పచ్చి గుడ్డు తెల్లసొన వేస్తారు. మన వేడికి పచ్చి గుడ్డుతో నాకు ధైర్యం చాలదు, దానికి బదులు కాబూలీ శనగలు ఉడికించిన చిక్కటి నీళ్లు ఒక చెంచాన్నర వేసి, ముందు ఐసు లేకుండా, తర్వాత ఐసుతో కొట్టండి. తెల్లటి మీగడలా నురగ కడుతుంది, శనగ వాసన రానే రాదు. ఇది పార్టీలో పెడితే తొమ్మిది మందీ అడుగుతారు, మీరు మళ్లీ వంటింట్లో పడతారు. అందుకే ముందు రోజు అన్నది.

వోడ్కా భోజనాలయ్యాక. 1980ల్లో లండన్‌లో డిక్ బ్రాడ్‌సెల్ అనే బార్‌మన్ కలిపిన ఎస్‌ప్రెసో మార్టినీ ఇప్పుడు ప్రపంచమంతా తాగుతున్నారు. మనకి అరకు కాఫీ ఉండగా దానికి కాఫీ లిక్యూరు ఎందుకు? చికోరీ కలపని పొడి ఫిల్టరులో వేసి మొదటి డికాషన్ చిక్కగా తీసి చల్లార్చండి. వోడ్కా 40, డికాషన్ 40, బెల్లం పాకం 15, ఐసుతో గట్టిగా కొట్టండి. మెషిన్ కాఫీ అంత నురగ రాదు, వచ్చిన కాస్తా బాగుంటుంది. అరకులో కాఫీ తోటల్లో నీడ చెట్లకి మిరియం తీగ పాకిస్తారు, ఆ మిరియాలు రెండు దంచి పైన చల్లితే ఇద్దరు పొరుగువాళ్లు కలుసుకున్నట్టే. దీన్ని అందరికీ ఇవ్వకండి, కారు తాళం జేబులో లేనివాళ్లకే. కాఫీ పడితే మెలకువ వస్తుంది తప్ప మత్తు దిగదు. మనిషికి మొత్తం మూడు గ్లాసులు లెక్క వేసుకోండి, నేను చెప్పిన కొలతలన్నీ ఆ లెక్కకే.

తాళాల మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. చట్టం ప్రకారం బండి నడిపేవాడి రక్తంలో 100 మి.లీ.కి 30 మిల్లీగ్రాములు దాటకూడదు. రెండు గ్లాసులకే దాటే మనుషులు చాలామంది. మొదటిసారి దొరికితే పది వేల జరిమానా గానీ, ఆర్నెల్ల దాకా జైలు గానీ, రెండూ గానీ. బీచ్ రోడ్డులో ఆదివారం రాత్రి పోలీసులు ఊదించే గొట్టం పట్టుకుని నిలబడటం మామూలే. పిలిచేటప్పుడే "క్యాబులో రండి" అనేయండి, మొహమాటపడకండి. ఇరవై ఒకటి నిండని తమ్ముళ్లెవరైనా వస్తే వాళ్లకి లేదు. గాలి కోసమని గ్లాసులు పట్టుకుని ఎదురుగా బీచ్‌లోకి దిగుతామంటే ఆపండి. షుగరు మాత్రలు, నిద్ర మాత్రలు, యాంటీబయాటిక్స్ వాడుతున్నవాళ్లని బలవంతం చెయ్యకండి. ఎవరైనా "ఏజెన్సీ నుంచి మంచి సారా తెచ్చాను, జగ్గులో కలుపుదాం" అంటే నవ్వి ఆ సీసా గుమ్మం బయటే ఉంచండి.

తిండికి పెద్ద ఆలోచన వద్దు. మొదటి గ్లాసు చేతికిచ్చే ముందే ఏదో ఒకటి కడుపులో పడాలి. మురీ (మరమరాల) మిక్చర్ కలిపి పెట్టండి, ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం, మీదుగా వేరుశనగ. బెల్లం డైకిరీకి దానంత జోడు ఇంకోటి లేదు. రొయ్యల వేపుడు పంచ్‌తోటి. బాగా నూనె ఓడే బజ్జీలు మాత్రం వద్దు, గ్లాసు అంచుకి నూనె తగిలితే నురగ చచ్చిపోతుంది.

ఆఖరుకి అత్తగారు. దాచి చెయ్యకండి. తలుపులేసి, అగరొత్తులు ముట్టించి కలిపినా షేకరు చప్పుడు ఆ గదిలోకి వినపడుతుంది. ఇవాళే చెప్పండి, మీ వారిచేత కాదు, మీరే. నా అనుభవంలో మన ఇళ్లల్లో పెద్దావిడలకి అసలు బాధ అవతలివాళ్లు తాగడం కాదు, ఏ గిన్నెలో కలిపారన్నది. నైవేద్యం వండే తపేలా, మడి చెంబు, రోజూ చారు కాచే గిన్నె, వీటిని ముట్టనని ముందే చెప్పండి. ఒక గాజు జగ్గు, రెండు గరిటెలు, ఒక వడకట్టే గుడ్డ విడిగా కొని అవి ఈ పనికేనని చూపించండి. సగం మాట అక్కడే తెగుతుంది.

మిగతా సగానికి ఆవిడకే ఒక జగ్గు అప్పజెప్పండి. ముట్టని ముగ్గురికి పేకెట్ జ్యూసు పోసి పక్కన కూర్చోబెట్టడం నాకు నచ్చదు, వాళ్లూ అతిథులే. శ్రీరామనవమికి ఆవిడ చేసే పానకం ఉంది చూశారూ, బెల్లం, మిరియాలు, యాలకులు, శొంఠి, అంతకంటే గొప్ప కాక్‌టెయిల్ నేను బార్‌లో కలపలేదు. మామూలు కంటే కొంచెం చిక్కగా చేయించి, గ్లాసులో సగం పానకం, సగం సోడా, ఒక నిమ్మచెక్క, బోలెడంత ఐసు వెయ్యండి. అవే గ్లాసులు, అదే నిమ్మచెక్క. తాగేవాళ్లలో ఇద్దరు అటు మళ్లినా మళ్లుతారు. ఆరో నెల ఆవిడకి సోడా పడకపోతే నీళ్లే పొయ్యండి.

ఇందులో ఒక్క చిక్కుంది. పానకం, పంచ్ రెండూ ఒకే ఎర్రమట్టి రంగు. తొమ్మిది దాటి, పెద్ద లైట్లు ఆపేసి, ఎవరో పాట పెట్టాక, జగ్గులు ఈ చివర్నుంచి ఆ చివరికి జరిగిపోతాయి. రాసిన చీటీలు తడిసి ఊడిపోతాయి. అందుకని పంచ్ జగ్గు పిడికి ఎర్రదారం నాలుగు చుట్లు గట్టిగా కట్టి, దాన్ని బాల్కనీ వైపు బల్ల మీద, పానకం జగ్గుని అత్తగారి గది వైపు పెట్టండి. మీ అత్తగారు పడుకునే ముందు ఇవతలికొచ్చి "నాక్కూడా కాస్త పొయ్యమ్మా, మిరియం సరిపోయిందో లేదో చూస్తాను" అంటే, పిడి ఒకసారి చేత్తో తడిమి చూసి మరీ పొయ్యండి.